నావకు నీళ్లు తాగించాం

మొదటి ఏడాది, అంటే 2023లో, మా నావ బాగుచేసే పనిని నేను రంగుతో మొదలుపెట్టాను. తప్పు అక్కడే జరిగింది.

మాది గోదావరి పాయ అయిన వైనతేయ గట్టున, అప్పనపల్లికి కొంత దిగువన ఉన్న ఊరు. మా ఇంటికీ నదికీ మధ్య ఒక కొబ్బరితోట, ఒక గట్టు, అంతే. మా నావ పొడవు 22 అడుగులు, వెడల్పు 5 అడుగులు. పలకలు టేకువి, లోపలి ఒంపు కర్రలు తుమ్మవి. తాతగారి నావ 1996 నవంబరు 6 తుపానులో తాడు తెంచుకుని పోయింది. రెండేళ్ల తర్వాత నాన్నగారు దీన్ని తాళ్లరేవులో కట్టించారు. ఆ పక్కనున్న కోరంగి ఒకప్పుడు పేరున్న ఓడరేవు. 1839 నవంబరులో వచ్చిన తుపాను, ఉప్పెనలతో ఆ రేవు దెబ్బతిని మళ్లీ కోలుకోలేదు. పడవలు కట్టే పనితనం మాత్రం తాళ్లరేవులో నిలిచింది. మా నావ ముక్కు దగ్గర పలకలు ఒకదానితో ఒకటి కలిసే చోటు చూస్తే ఆ సంగతి ఎవరికైనా తెలుస్తుంది. అక్కడ గోరు కూడా దూరదు.

లంకలో తోట ఉన్నన్నాళ్లు ఈ నావ కొబ్బరికాయలు మోసింది. తోట అమ్మేశాక నావను కూడా అమ్మేయమన్నవాళ్లు చాలామంది. నాన్నగారు ఒప్పుకోలేదు. ఇప్పుడది పూర్తిగా మా షికారు నావ. సెలవు రోజుల్లో సాయంత్రం పూట పోటు మీద పైకి వెళ్లి, ఆటు మీద కిందికి రావడం మా ఇంటి అలవాటు. నాన్నగారి మోకాళ్లు ఇప్పుడు తెడ్డు వేయనివ్వవు కాబట్టి నావ బాధ్యత నాకు వచ్చింది. నేను అమలాపురంలో బడిపంతులమ్మను. రంపం పట్టిన చెయ్యి కాదు నాది.

ఆ ఏడాది వరదలు తగ్గాక, కార్తికమాసానికి నావను ముస్తాబు చేయాలని నీలం, పసుపు ఎనామిల్ రంగులు తెచ్చాను. నీళ్లలోనూ నిలుస్తుందని దుకాణంలో చెప్పారు, నమ్మాను. నావను ఒడ్డుకు లాగి, వారం రోజులు ఎండనిచ్చి, పాత రంగు మీదే అడుగుకూ పక్కలకూ లోపలికీ రెండు పూతలు వేశాను. కార్తిక పౌర్ణమి నాటికి అది మెరిసిపోయింది. ఊళ్లో అందరూ బాగుందన్నారు. ఆ రాత్రి గంటసేపు తిరిగి వచ్చేసరికి అడుగు పలకల కింద నుంచి రెండు బిందెల నీళ్లు తోడాను. సంక్రాంతి నాటికి పక్కల మీద నీలం రంగు బొబ్బలు లేచింది. ఒక బొబ్బను గోటితో చిదిపితే అందులోంచి నీళ్లు వచ్చాయి. లోపలి వైపు పసుపు రంగు పొరను గీకితే కింద టేకు నల్లగా మారి ఉంది.

నావ కట్టిన మేస్త్రి గారు ఇప్పటికీ ఉన్నారు. డెబ్బై దాటిన మనిషి. నాన్నగారు కబురు పెడితే వచ్చి, నావ చుట్టూ ఒకసారి తిరిగి, లోపల చెయ్యి పెట్టి చూశారు.

“తడి కర్రకు చొక్కా తొడిగారమ్మా. అది ఊపిరి ఎక్కడినుంచి తీసుకుంటుంది?” అన్నారు.

ఆ మాట మీదే తర్వాత ఏడాది పని అంతా నడిచింది.

నావను ఒడ్డుకు ఎక్కించడానికి రోజు చూసుకోవాలి. అమావాస్యకూ పౌర్ణమికీ పోటు పెద్దది. ఆ తిథి వెళ్లిన మర్నాడు, ఆ పై రోజు ఇంకొంచెం ఎక్కువగా ఉంటుంది. ఆ నీటి మీద నావను గట్టు దాకా తెచ్చి ఆపితే, నీరు దిగిపోయాక అది పొడి నేల మీద మిగులుతుంది. 2024లో చైత్ర పౌర్ణమి ఏప్రిల్ 23న వచ్చింది. మర్నాడు పోటుకు పన్నెండు మందిమి చేరి, కొబ్బరి దుంగల మీదుగా హైలెస్సా అంటూ చెట్ల నీడకు లాగాం. దించడం మళ్లీ వైశాఖ పౌర్ణమి పోటుకే. అంటే మాకు దొరికింది సరిగ్గా నెల రోజులు. ఆ నెల దాటితే రోహిణి కార్తె. రోహిణి ఎండకు రోళ్లు పగులుతాయంటారు. అంగుళం మందం పలక ఆ ఎండకు ఆగదు. అందుకే నావ మీద కొబ్బరాకు తడికలతో పందిరి వేశాం. కర్ర ఆరాలి గాని మాడకూడదు.

లాగిన గంటలోనే గీకడం మొదలుపెట్టాలని మేస్త్రి గారు తొందర పెట్టారు. అడుగున పట్టిన గుల్లలు, నాచు తడిగా ఉండగా సులువుగా ఊడతాయి. ఎండితే సిమెంటులా పట్టుకుంటాయి. సాయంత్రానికి నా రెండు అరచేతులూ కోసుకుపోయాయి. చేతి తొడుగులు లేకుండా ఎవరూ ఈ పనికి దిగవద్దు.

గుల్లల కన్నా పెద్ద శత్రువు వేరే ఉంది. వేసవిలో ధవళేశ్వరం బ్యారేజీ నుంచి దిగువకు వచ్చే నీరు తగ్గినప్పుడు, నది సముద్రంలో కలిసే ఓడలరేవు వైపు నుంచి ఉప్పునీరు మా రేవు దాకా ఎక్కి వస్తుంది. ఆ నీటితో పాటే కర్రను తొలిచే పురుగు వస్తుంది. చూడటానికి పురుగే గాని అది ఆల్చిప్పల జాతి జీవి. అడుగు పలక ఒకటి విప్పితే మేస్త్రి గారు దాన్ని అడ్డంగా కోసి నాకు చూపించారు. పైకి ఆవగింజంత రంధ్రం. లోపల చిటికెన వేలు పట్టేంత సొరంగం పలక పొడవునా పాకి ఉంది. సొరంగం గోడకు సున్నం పూసినట్టు తెల్లని నున్నటి పొర. పై నుంచి రంగు వేస్తే ఆ ఆవగింజ కూడా కనిపించేది కాదు. వరదల కాలంలో నది నిండా మంచినీరు నిలిస్తే ఈ జీవి చచ్చిపోతుంది. పాతకాలం వాళ్లు నావలను కొన్నాళ్లు పైనున్న తీపి నీళ్లలో కట్టి ఉంచేది అందుకే.

దీనికి రెండో మందు మంట. రంగు పూర్తిగా గీకేశాక, అడుగు కింద ఎండు కొబ్బరాకులు పేర్చి నిప్పు పెట్టి, చేతిలో ఆకుల చుట్టతో మంటను పలక వెంట నడిపించారు. ఒక్కో చోట అయిదారు లెక్కపెట్టేంత సేపే. కర్ర వెచ్చబడాలి, చెమ్మ పైకి ఉబికి రావాలి, కాలకూడదు. పక్కన నాలుగు బిందెల నీళ్లతో నేనూ మా ఆయనా నిలబడ్డాం. మూడు అడుగుల మేర చెమ్మ బుడగలుగా పైకి వచ్చి సన్నగా కూత పెట్టడం నేను విన్నాను. దాదాపు ఆరు నెలలు ఆ నీళ్లు కర్రలో ఉండిపోయాయి. వాటి మీద నేను రెండు పూతలు వేశాను.

ఏ పలక మంచిది, ఏది పాడైంది అన్నది నాన్నగారు తేల్చారు. తోటలో మడత కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. మేస్త్రి గారు కొయ్యసుత్తితో ప్రతి జానెడుకీ ఒక దెబ్బ వేస్తూ ముందుకు వెళ్లారు. గట్టి కర్ర గుడిగంటకు దూరపు చుట్టంలా ఖంగుమంటుంది. పుచ్చిన కర్ర గుమ్మడికాయ మీద కొట్టినట్టు మొద్దుగా పలుకుతుంది. నాన్నగారు కళ్లు మూసుకుని విని, “అక్కడ ఆగండి” అనేవారు. అక్కడ సుద్దతో గుర్తు పెట్టి సన్న ఉలి గుచ్చితే ముక్కాలు వంతు సార్లు ఉలి మెత్తగా దిగింది. మొత్తం మూడు చోట్ల పలక మార్చాల్సి వచ్చింది. పాడైన ముక్క ఎక్కడ ఆగిందో అక్కడితో కోయలేదు. గట్టి కర్ర మొదలయ్యాక మరో అడుగు దాకా వెళ్లి, ఏటవాలుగా కోసి కొత్త ముక్క అతికారు. పాత ఇనుప మేకుల తలల చుట్టూ కర్ర బొగ్గులా మారిపోయింది. ఆ మేకులన్నీ లాగేసి, బర్మాతో కొత్త చోట రంధ్రాలు చేసి, జింకు పూత ఉన్న మేకులు దిగవేశారు.

ఇక సందులు పూడ్చడం. ఈ పని గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు.

దూది పేటలను తొడమీద పేని, పెన్సిలు లావున పోగులు చేసుకోవాలి. మొండి ఉలితో, కొయ్యసుత్తితో ఆ పోగును పలకల మధ్య సందులోకి కొద్ది కొద్దిగా కూరాలి. నేను మొదటి రోజు బలం కొద్దీ కూరాను. సందు ఎంత బిగిస్తే నీరు అంత రాదు కదా అనుకున్నాను. మేస్త్రి గారు నేను చేసిన మూరెడు పనినీ బయటకు లాగేశారు. ఎండిన పలక నీళ్లలోకి దిగాక ఉబ్బుతుంది. సందులో చోటు మిగల్చకపోతే ఉబ్బిన పలకలు ఒకదాన్నొకటి తోసుకుని లోపలి తుమ్మ కర్రలను, మేకులను లాగేస్తాయి. అందుకే దూది సందులో మూడొంతులే నిండాలి, వేలితో నొక్కితే కొంచెం స్పందించాలి. ఆ ఒత్తిడి చేతికి అందడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. అందాక మాత్రం సుత్తి శబ్దంతోనే తెలిసిపోయేది.

మిగిలిన పై వంతుకు గుగ్గిలం. గుగ్గిలాన్ని రోట్లో దంచి, పాత చీర గుడ్డలో జల్లించి, నూనెలో సన్న సెగ మీద కాచాలి. ఎప్పుడు దించాలన్న దగ్గరే అంతా ఉంది. పలచనైతే ఎండకు కారిపోతుంది, ముదిరితే చలికి పగులుతుంది. మేస్త్రి గారికి చూపు తగ్గింది, నాకు అనుభవం లేదు. అమ్మ వచ్చి పొయ్యి ముందు కూర్చుంది. గరిటెతో ఒక చుక్క నీళ్ల గిన్నెలో వేసి, వేళ్లతో దగ్గరకు తీసి, గోరు దించి చూసింది. “ఇంకాసేపు ఆగండి” అంది. రెండోసారి కూడా అదే మాట. మూడోసారి చుక్క వేలికి అంటకుండా ఉండగా చుట్టుకుంది, గోటి గుర్తు నిలిచింది. “అరిసెల పాకమే ఇది. దించేయండి” అంది. నలభై ఏళ్లు సంక్రాంతికి పాకం చూసిన చెయ్యి. ఆ మూడు గిన్నెల గుగ్గిలంలో ఒక్క చోట కూడా ఈ రోజు వరకు పగులు రాలేదు. తోటంతా రెండు రోజులు గుడిలో ధూపం వేసినట్టు వాసన.

మధ్యలో మే 13న ఎన్నికలు వచ్చాయి. శిక్షణ, డ్యూటీ కలిపి నాకు నాలుగు రోజులు పోయాయి. గుగ్గిలం గట్టిపడటానికి ఆ రోజులు ఎలాగూ కావలసినవే.

రంగు సంగతి చివరికి వచ్చింది. ఈసారి అడుగుకు ఒక లెక్క, పక్కలకు ఒక లెక్క, లోపలికి ఒక లెక్క. ఎప్పుడూ నీళ్లలో ఉండే అడుగుకు ఇళ్లకు వేసే ఎనామిల్ పనికిరాదు. గుల్లలు పట్టకుండా రాగి కలిపిన ఎర్రటి పడవ రంగు వేరే ఉంటుంది. కాకినాడ నుంచి తెప్పించాం, ఖరీదు ఎక్కువే. దాన్ని వేసేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి, గీకిన పొడిని నదిలోకి పోనివ్వకూడదు. నీటి గీతకు పైన ఉన్న పక్కలకు ప్రైమరు ఒక పూత, ఎనామిల్ రెండు పూతలు. ప్రతి పూతకూ మధ్య సన్న గరుకు కాగితంతో రుద్దడం. ఉదయం మంచు తడి ఆరాక మొదలుపెట్టి పదిన్నర లోపు ఆపేయాలి. ఎండ ముదిరితే రంగు పై పొర ముందు ఆరిపోయి ముడతలు పడుతుంది. లోపలికి మాత్రం రంగే లేదు. అవిసె నూనెలో టర్పెంటైను కలిపి వేడి మీద మూడు పూతలు పట్టించాం. కర్ర తాగినంత తాగాక మిగిలింది గుడ్డతో తుడిచేశాం. అలా చేస్తే లోపల చేరిన చెమ్మ బయటకు పోయే దారి తెరిచి ఉంటుంది.

ఆ గుడ్డల విషయం ఒకటి చెప్పాలి. నూనె తుడిచిన గుడ్డలు ఉండగా చుట్టి పాక పక్కన పడేశాను. మధ్యాహ్నం భోజనం చేస్తుంటే పాక వైపు నుంచి పొగ వాసన. ఎవరూ నిప్పు పెట్టలేదు. అవిసె నూనె ఆరేటప్పుడు తనంతట తానే వేడెక్కుతుంది. ఉండలో ఆ వేడికి పోయే దారి లేక గుడ్డ రాజుకుంటుంది. నీళ్లు కొట్టి ఆర్పాం. కొబ్బరాకు పాక, పక్కనే నావ, మీద పందిరి. ఇంకో పది నిమిషాలు ఆలస్యమైతే ఏమయ్యేదో తలచుకోవడానికి ఇప్పటికీ భయం వేస్తుంది. నూనె గుడ్డలను విడదీసి తాడు మీద ఆరవేయండి, లేదా నీళ్ల బకెట్లో ముంచి పెట్టండి.

నీటి గీతను తిన్నగా గీయడానికి మేస్త్రీలు ఇళ్ల పునాదికి వాడే నీటి గొట్టమే వాడాం. ముక్కు దగ్గర ఒక కొస, వెనక ఒక కొస పెట్టి మట్టం చూసి, అడుగుకొక చుక్క పెట్టి కలిపాం. కింద ఎరుపు, పైన ముదురు ఆకుపచ్చ, మధ్యలో రెండు వేళ్ల వెడల్పున పసుపు పట్టీ. నీలం కావాలని మా అమ్మాయి పట్టుబట్టింది గాని, ఒడ్డున ఉన్న కొబ్బరిచెట్ల నీడ నీళ్లలో పడినప్పుడు ఆకుపచ్చ ఎలా కలిసిపోతుందో చూశాక తనే మెత్తబడింది. ముక్కుకు రెండు వైపులా ఎనిమిది చుక్కల పద్మం ముగ్గు తన చేత్తోనే వేసింది. ఒక వైపు పద్మానికి రేకు ఒకటి పెద్దదైంది. దిద్దుతానంటే నేనే వద్దన్నాను. వెనక పలక మీద నాయనమ్మ పేరు. ఆ అక్షరాలు లారీల మీద పేర్లు రాసే ఆయన రాశారు. గుండ్రటి తెలుగు అక్షరాన్ని ఒంపు తిరిగిన పలక మీద వంకర లేకుండా కూర్చోబెట్టడం చూడవలసిన విద్య.

మే 24న పోటుకు నావను దించాం. దించగానే సందులన్నింటి నుంచి సన్నగా నీరు రావడం మొదలైంది. నా గుండె జారిపోయింది. నెల రోజుల కష్టం, అంత డబ్బు. తోడటానికి వంగాను.

“తోడకండమ్మా. నెల రోజులు ఎండలో ఉంది. దాహం తీరనివ్వండి” అన్నారు మేస్త్రి గారు.

పైగా మరో పది బిందెలు లోపల పోయించారు. కూర్చునే బల్లల దాకా నీళ్లతో, రెండు తాళ్లతో రేవుకు కట్టి రెండు రాత్రులు అలాగే ఉంచాం. గట్టు మీద వెళ్లేవాళ్లు ఆగి, “అయ్యో, మునిగిపోయిందా?” అని అడిగారు. మూడో రోజు పొద్దున తోడాం. పలకలు ఉబ్బి గుగ్గిలాన్ని ఒరుసుకుని కూర్చున్నాయి. మధ్యాహ్నానికి ఒక చెంబు నీళ్లు. సాయంత్రానికి అరచెంబు.

వరదల కాలం నావకు విశ్రాంతి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులు చేరి మొదటి హెచ్చరిక వచ్చిందంటే నావను గట్టు మీదికి ఎక్కించి, రెండు కొబ్బరిచెట్లకు కట్టేస్తాం. 1986 ఆగస్టు వరద చూసిన నాన్నగారు ఈ విషయంలో గంట కూడా ఆలస్యం ఒప్పుకోరు. ఎర్రనీరు దిగాక రెండు రోజులు ఒండ్రు కడగడం, గుర్రపుడెక్క తీయడం, లోపల ఇంకో పూత నూనె. అంతకు మించి పని లేదు.

అలంకారం కార్తికంలోనే. ముందటి ఏడాది నేను వెదురుతో ఏడడుగుల ద్వారం కట్టి దాని నిండా పూలు వేలాడదీశాను. సాయంత్రం సముద్రపు గాలికి ఆ ద్వారం తెరచాపలా పట్టుకుని నావ ఒక పక్కకు ఒరిగింది. ఈసారి కూర్చున్న మనిషి తల కన్నా జానెడు ఎత్తులో వెదురు బద్దలను ఒంచి చిన్న గూడు కట్టాం. బరువంతా కింద పెట్టాం. ముక్కుకు పసుపు, కుంకుమ, మామిడాకుల తోరణం. కడియపులంక సంతలో కొన్న బంతిపూలు నాలుగు మూరల చొప్పున పక్కల పట్టీ వెంట. కూర్చునే చోట తుంగ చాపలు. తెడ్డు తిరిగే చోట ఒక్క పువ్వు కూడా కట్టలేదు. ప్లాస్టిక్ పూలు, థర్మోకోల్ నావ ఎక్కనివ్వలేదు. అవి నదిలో పడితే మన రేవుకే తిరిగి వస్తాయి.

గూటికి తెరలు అమ్మ అల్లింది. అమ్మ పుట్టిల్లు నరసాపురం వైపు. ఆ ఊళ్లలో లేసు అల్లికలు తెలియని ఆడవాళ్లు అరుదు. నరసాపురం లేసుకు 2024లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది. అమ్మ వేసవి అంతా క్రోషే సూదితో హంసల వరుస అల్లింది. నావ మీద ఉప్పుగాలికి నూలు త్వరగా మరకలు పడుతుంది కాబట్టి ప్రతి షికారు తర్వాత తెరలు విప్పి మంచినీళ్లలో జాడించి నీడన ఆరేస్తాం. లైఫ్ జాకెట్ల నారింజ రంగు తెరలకు నప్పలేదని, వాటికీ లేసు గలీబులు కుడతానంది. అందుకు మాత్రం నేను ఒప్పుకోలేదు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర జరిగిన పడవ ప్రమాదాన్ని గోదావరి ఒడ్డున ఉన్నవాళ్లం ఎవరం మరచిపోలేదు. జాకెట్టు చేతికి అందేలా ఉండాలి, దూరానికి కనిపించాలి, ఎక్కిన ప్రతి మనిషీ వేసుకోవాలి.

నవంబరు 15, కార్తిక పౌర్ణమి. నూనె తాగిన కర్ర మీద వత్తుల దీపాలు పెట్టడం ఇష్టం లేక, గూటికి చిన్న బ్యాటరీ దీపాల దండ చుట్టాం. అసలు దీపాలు అరటి దొప్పల్లో నీళ్ల మీదికే. నాన్నగారిని ఇద్దరం చెరో పక్క పట్టుకుని ఎక్కించాం. ఆయన చుక్కాని పట్టుకుంటానన్నారు. నేనూ మా ఆయనా తెడ్లు వేశాం. నది నడుమకు వచ్చాక అమ్మ, అమ్మాయి దొప్పలు ఒక్కొక్కటే వదిలారు. ఆటు మొదలైనట్టుంది, దీపాలు బారుగా ఓడలరేవు వైపు సాగాయి. నాన్నగారు ఏమీ మాట్లాడలేదు. చుక్కాని మీద చెయ్యి తీయలేదు.

తొమ్మిది గంటలకు రేవుకు వచ్చాం. అందరూ దిగాక ఫోను వెలుగులో అడుగు పలక ఎత్తి చూశాను. వేళ్లు ముంచితే రెండో కణుపు దాకా కూడా తడవలేదు. పాత గుడ్డతో అద్ది, పలక మూసి, తాడు ఇంకో చుట్టు బిగించాను.